గాజుతొట్టిలో మీసాల చేపలు



ముప్పదినాలుగు సంవత్సరములు పిల్లలకు తెలుగు చెప్పి విశ్రాంతి గైకొనిన నావంటివాడు ఏ ప్రబంధమును గూర్చియో, ఛందస్సును గూర్చియో ప్రసంగింపవలసియుండగా, ఇంటిలో చేపలను బెంచుటను గూర్చి మాటలాడ వచ్చినాడేమని మీలో కొందరు వింతపడవచ్చును. వింతపడువారు మా నాదెండ్లలోనే కలరు. మాది చేప యన్న మాట వంటయింటి గడప దాటని కుటుంబము. అట్టి యింటి పంచలో మూడడుగుల గాజుతొట్టియు, అందులో మీసములు కదల్చుచు తిరుగాడు చేపలును ఉండుట చూచి బంధువులలో ఒకరు, “ఏమి బావగారూ, ఆచారము మార్చినారా యేమి?” యని నన్ను పరిహసించిరి. ఆచారము మారలేదు. అభిప్రాయములు మాత్రము కొన్ని మారినవి. ఆ మార్పునకు మూల్యము నేనొక్కడనే చెల్లించియుండినచో ఈ ప్రసంగము వేడుకకే చేసియుందును. అట్లు కాలేదు గనుక ఉన్నదున్నట్లు చెప్పుటకు వచ్చితిని.

2020వ సంవత్సరమున కరోనా వ్యాధివలన బడులు మూతపడగా మా మనుమడు హైదరాబాదునుండి వచ్చి మాయింట చేరెను. ఎనిమిదేండ్ల పిల్లవాడు. తోటివారు లేరు, వీథిలోనికి పంపుటకు భయము. కట్టుబాట్లు కొంత సడలిన పిదప చిలకలూరిపేటకు బోయి, వాడు కోరినట్లే ఒక గాజుగిన్నెయు రెండు బంగారుచేపలును కొని తెచ్చితిని. గిన్నె పరిమాణము మన బిందెలో నాలుగవ వంతు ఉండదు. ఆ గిన్నెలోని నీరు మురికి కాకుండునట్లు ప్రతిదినము ఉదయమున నీరంతయు పారబోసి, గులకరాళ్లను పీచుతో తోమి, కుళాయినీరు పట్టెడివాడను. ఎనిమిదవనాడు రెండును వెల్లకిల తేలినవి. పిల్లవాడు ఆనాడు అన్నము తినలేదు.

శుచికై నేను పడిన శ్రమయే వానిని చంపినదని తరువాత చదివి తెలిసికొంటిని. చేప విడుచు మలమునుండియు, దాని మొప్పలనుండియు అమ్మోనియా యను విషము నీటిలో చేరుచుండును. కంటికి కానరాని సూక్ష్మజీవులు కొన్ని దానిని నైట్రైటుగను, మరికొన్ని ఆ నైట్రైటును నైట్రేటుగను మార్చును. మొదటి రెండును చేపకు ప్రాణాంతకములు. మూడవదానిని కొంతవరకు అది సహించును, నీటిమొక్కలు దానిని పీల్చుకొనును. ఈ సూక్ష్మజీవులు రాళ్లమీదను, ఫిల్టరులోని స్పంజిమీదను కాపురముండును. క్రొత్త తొట్టిలో అవి తగినంతగా పెరుగుటకు నాలుగు మొదలు ఆరు వారములు పట్టును. నేను ప్రతిదినము వాని కాపురములను పీచుతో తోమివేయుచుంటిని. దీనికి తోడు మా పంచాయతీవారు నీటిట్యాంకులో కలుపు బ్లీచింగుపొడి. ఆ క్లోరిను మనుష్యులకు మేలు, చేప మొప్పలకు నిప్పు. నీటిని వెడల్పైన పాత్రలో ఒక దినము నిలువయుంచిన క్లోరిను చాలవరకు ఎగిరిపోవును. ఇంతపాటి సంగతి తెలియక రెండు ప్రాణములు పోయినవి.

అటుపిమ్మట తొట్టి కొంటిమి. మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగున్నర ఎత్తు. మొదట దానిని నా పుస్తకముల బీరువాపై నిలుపవలెనని యుంటిని. లెక్క కట్టిచూడగా నీరే నూటయిరువది లీటర్లు, అనగా నూటయిరువది కిలోలు. గాజు బరువును, ఇసుక బరువును వేరు. బీరువాయు, అందలి వ్యాకరణ గ్రంథములును ఆ భారమును మోయజాలవని తలచి, పంచలోని రాతియరుగుమీద నిలిపితిని. వారమున కొకసారి నీటిలో నాలుగవ వంతు మాత్రమే తీసి నిలువనీరు పోయుట, స్పంజిని కుళాయిక్రింద గాక తొట్టినుండి తీసిన నీటిలోనే పిండుట, మేత రెండు నిమిషములలో తినగలిగినంతయే వేయుట. ఈ మూడును పాటించిన పిదప చేపలు చచ్చుట నిలిచినది. మా గృహిణి పెట్టిన నియమము ఒకటి కలదు. వానపాములను పంచ దాటి లోపలికి తేరాదు.

ఇక మీసాల చేపల మాటకు వత్తును. నేను బాల్యమున గురువుగారియొద్ద అమరకోశము వల్లించితిని. వారివర్గమున చేపల పేర్లు వరుసగా వచ్చును. పాఠీనము, మద్గురము, శృంగి, శఫరి, రోహితము. ఇవి నోటికి వచ్చును. వ్యాఖ్యాతలు వీనిలో పెక్కింటికి ‘ఒకానొక మత్స్యవిశేషము’ అని వ్రాసి దాటిపోయిరి. నేనును నా విద్యార్థులకు ‘ఒక చేప’ యని చెప్పి దాటించితిని. అరువదియవ యేట, చెరువులో వల వేయువాని బుట్టయెదుట నిలుచుండినప్పుడు గాని ఆ పేర్లకు రూపములు కలవని నాకు తోచలేదు. మద్గురమనగా మన మార్పు. బెంగాలీలు నేటికిని దానిని మాగుర్ అందురు. శృంగిని శింగి యందురు. అమరసింహుడు శృంగిని మద్గురమునకు ప్రియురాలనినాడు. రెండింటిని ఒకే బేసినులో ఉంచి నేను చూచితిని. రెండును నల్లనివి, పొలుసులు లేనివి, ఎనిమిదేసి మీసములు కలవి. కాని మార్పునకు వీపురెక్క తలవెనుక మొదలుకొని తోకవరకు సాగియుండును. శృంగికి అది చిన్న గోరంత మాత్రమే. ఇవి భార్యాభర్తలు కావు, వేరువేరు జాతులు. ప్రియురాలన్నది కవిసమయమో పొరపాటో గాని, శృంగి యను పేరు మాత్రము అన్వర్థము. దాని ప్రక్కరెక్కల ముల్లు కొమ్మువంటిదే, అందు విషము కలదు. తొట్టిలో చేయి పెట్టి ఆ ముల్లు గ్రుచ్చుకొనినవాడు తేలుకుట్టినట్లు గిలగిలలాడును. చేతిని ఓర్చుకొనగలిగినంత వేడినీటిలో ఉంచుట ఆ బాధకు ఉపశమనము. వాపు పెరిగినను, ముల్లు విరిగి లోపల నిలిచినను వైద్యుని చూడవలెను. పిల్లలున్న యింట శృంగిని పెంచవద్దని నా సలహా.

పాఠీనమునకు సహస్రదంష్ట్రమని పర్యాయము. వేయి కోరలది యని యర్థము. అది మన వాలుగ. దాని నోరు తెరచి చూచినవాడు అమరసింహునికి నమస్కరింపక తప్పదు. సన్నని పండ్లు గుంపులు గుంపులుగా నుండును. వాలుగంటి యను పదములో ఉన్నది వాలుకన్నులా, వాలుగచేపయా యని నా తరగతిలో ఏటేట ఒక బాలుడైనను అడుగుచుండెడివాడు. చేపను చూచిన పిదప నాకు సందియము తీరినది. వాలుగకు నోరు పెద్దది, కన్ను మిక్కిలి చిన్నది. దానిని ఒడ్డుకు లాగి చూచిన కవి యెవ్వడును నాయికను దానితో పోల్చడు. అయినను ఈ చేపవలన మన భాషకొక గౌరవము దక్కినది. విశాఖపట్టణమున నివసించిన పాట్రిక్ రసెల్ అను స్కాట్లండు వైద్యుడు అక్కడి చేపలను రెండువందలింటిని వర్ణించి 1803లో గ్రంథము ప్రకటించెను. అందు చేపలకు స్థానిక నామములు గూడ చేర్చెను. శాస్త్రజ్ఞులు నేడు ఈ చేపజాతికి వాడు ‘వల్లాగో’ అను పేరు మన వాలుగయే. కాని ఇది మూడు నాలుగడుగులు పెరుగును, తోడి చేపలను మ్రింగును. ఇంటి తొట్టికి పనికిరాదు.

తొట్టికి పనికివచ్చునది జెల్ల. వ్రేలెడు పొడవుండి, వెండివన్నె దేహముమీద నిలువునా చారలు గల జెల్లలు మా కాలువలలో దొరకును. పట్టుకొనినచో ముండ్లను కదల్చి కిర్రుమని చప్పుడు చేయును. మా మనుమడు దానికి ‘తలుపు చేప’ యని పేరు పెట్టెను. ఈ మీసాల చేపలన్నియు పగలు రాతిసందున ముడుచుకొనియుండి దీపమార్పిన పిదప తిరుగును. వాని మీసములు అలంకారములు కావు. నాలుకమీద ఉండు రుచిమొగ్గలవంటివి మీసములనిండ ఉండును. నీరు కలకబారినను, చీకటియైనను అవి మీసముతోనే మేతను వెదకి పట్టును. రాత్రి భోజనానంతరము టార్చికి ఎర్రకాగితము చుట్టి వానిని చూచుచు కూర్చుండుట నాకును మనుమనికిని నిత్యకృత్యమయ్యెను. కరోనా దినములలో వార్తలు వినుటకంటె అది మేలుగా నుండెను.

మార్పును గూర్చి మరియొక మాట చెప్పి ముందుకు సాగుదును. పల్నాటి యెండలు మీ రెరుగుదురు. రెంటచింతల పేరు ఏటేట పత్రికలలో వచ్చుచునే యుండును. నీరు వేడెక్కినకొలది అందు ప్రాణవాయువు తగ్గును. ఇరువది డిగ్రీల వేడిమి గల లీటరు నీటిలో తొమ్మిది మిల్లీగ్రాముల వరకు నిలుచునది, ముప్పదియైదు డిగ్రీలలో ఏడును నిలువదు. 2022 వేసవిలో ఒకరాత్రి కరెంటు పోయి గాలిపంపు ఆగెను. పరిగెలు, జెల్లలు పైకి వచ్చి నోళ్లు తెరచినవి. నేనును మనుమడును వంతులు వేసికొని, చెంబుతో నీరు తీసి మూరెడెత్తునుండి తొట్టిలోనే పోయుచు తెల్లవారువరకు కూర్చుంటిమి. ఇంటావిడ లేచి చూచి, అభిషేకము జరుగుచున్నదా యని యడిగినది. మార్పులు మాత్రము నిశ్చింతగా నడుమ నడుమ పైకి వచ్చి ఒక గుక్క గాలి మ్రింగి అడుగునకు పోవుచుండెను. వాని తలలో మొప్పలపైని చెట్టుకొమ్మలవలె చీలిన అవయవమొకటి కలదు. దానితో అవి నేరుగా గాలి పీల్చును. మడుగు ఎండినను తడిబురదలో బ్రతుకుట ఇందువలననే. అంగడిలో మార్పు అని చెప్పి ఆఫ్రికాజాతి నమ్మువారు కలరు. అది తోడి చేపలను మ్రింగివేయుటచే దాని పెంపకమును మన ప్రభుత్వము 2000వ సంవత్సరముననే నిషేధించినది. ఆ పిల్లను తెలిసి తెలిసి ఎవ్వరును ఇంటికి తేవలదు.

ఇప్పుడు నా తప్పు చెప్పవలసియున్నది.

తొట్టి పెట్టిన మొదటియేటనే అంగడివాడు రెండంగుళముల నల్లని చేప నొకదానిని చూపి, ఇది అద్దమునకు పట్టిన పాచిని నాకి శుభ్రపరచును, మీకు కడుగుపని తప్పును అనెను. సక్కరు చేప యని పేరు. ఇదియు మీసాల చేపల కుటుంబములోనిదే. క్రిందినోటితో అద్దమును పట్టుకొని వ్రేలాడును. పొలుసులకు మారుగా దేహమంతయు ఎముకపలకల కవచము. దీని పుట్టిల్లు దక్షిణ అమెరికా నదులు. ఎంత పెరుగునో అతడు చెప్పలేదు, నేనడుగలేదు. ఏడాది తిరుగునప్పటికి జానెడు దాటెను. అరుగుమీది తొట్టిలో అది తిరిగినప్పుడెల్ల మొక్కలు పెల్లగిలుచుండెను, జెల్లలు మూలలకు పారిపోవుచుండెను.

అప్పుడు నాకు మత్స్యావతార కథ తలపునకు వచ్చెను. మనువు దోసిలిలో పడిన చేపపిల్లను కమండలువులో నుంచెను. అది చాలలేదు. కుండలో, బావిలో, చెరువులో, గంగలో, తుదకు సముద్రములో విడిచెను. పాత్రకు మించి పెరిగిన చేపను పెద్దనీటికి చేర్చుట మనువు పద్ధతియే గదా యని నాకు నేనే శాస్త్రము చెప్పుకొంటిని. 2021వ సంవత్సరము కార్తికమాసమున, దీపములు విడుచు దినమున, ఆ చేపను బకెట్టులో తీసికొనిపోయి మా యూరి చెరువులో విడిచితిని. గట్టుమీద పదిమంది యుండిరి. ఒకరిద్దరు చేతులు జోడించిరి. నేను రెండు మాటలు చెప్పితిని గూడ. జీవదానమువంటి దానము లేదంటిని. బడిపంతులునకు పదిమంది కనబడిన ఊరకుండుట చేతకాదు.

2024 వేసవిలో ఒకనాటి ఉదయమున చెరువులో చేపలు పట్టు నడివయస్కుడొకడు మా వాకిటికి వచ్చెను. నా యొద్ద అయిదవ తరగతి చదివినవాడే. భుజముమీద వల, చేతిలో గోనెసంచి. సంచి విప్పి అరుగుమీద బోర్లించెను. మూరెడు పొడవున, పెద్ద వీపురెక్కతో, ముండ్లతో, నల్లమచ్చలతో నాలుగు చేపలు పడినవి. నీరు విడిచి ఎంతసేపైనదో గాని అవి యింకను మొప్పలాడించుచునే యున్నవి.

“మేష్టారూ, ఇయ్యి మీ తొట్టిలోయే గదండీ? నిరుటి నుంచి పడతన్నయ్యి. వల చూడండి,” యనెను.

వల పరచి చూపెను. మూడుచోట్ల చేయి దూరునంత కన్నములు. ముల్లు వలలో చిక్కుకొనినచో దారము కోయక తప్పదు. కోసినచో వల చెడును. ఆ చేపను కొనువాడు లేడు. దెయ్యపుచేప యని పేరు పెట్టి గట్టుమీద పారవేయుచున్నారట.

నేను తర్కమునకు దిగితిని. నేను విడిచినది ఒక్కటి. ఒక్క చేప పిల్లలు పెట్టదు. ఇవి కాలువనీటిలో కొట్టుకొని వచ్చియుండవచ్చును. అతడు శాంతముగా వినెను. తరువాత, “మీరు వదిలింతర్వాత ఊళ్లో ఇంకో నాలుగిళ్లోళ్లు వదిలారండీ. మేష్టారు వదిలారు గదా, పున్నెం గదా అన్నారండీ,” యనెను.

దానికి నావద్ద తర్కము లేకపోయినది.

అతడు పోయిన పిదప ఆ నలుగురి యిండ్లకు బోయి విచారించితిని. మాట నిజము. ఒకరు రెండు, ఒకరు మూడు, ఇట్లు విడిచిరి. ఆ చెరువులో నేడు తిరుగునవి వాని సంతతియో, కాలువ తెచ్చినవో ఎవ్వరు నిర్ణయింపగలరు? ఈ చేప మన యూరికే వచ్చిన ఆపద కాదు. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు తూర్పుకనుమల ప్రాంతపు జలములను పరీక్షించి, జీవులు నీటిలో విడిచిన జన్యుపదార్థమును బట్టి ఈ చేప అందు పెక్కుచోట్ల వ్యాపించినదని కనుగొనిరి. ఇది చెరువుగట్టున మూరలకొలది బొరియలు త్రవ్వి అందు గ్రుడ్లు పెట్టును. బొరియలవలన గట్టు వదులగును. కవచముండుటచే దీనిని మ్రింగు చేప మన నీటిలో అరుదు. నీటి బయట గంటలకొలది బ్రతుకును. పరిగెలు, చేపపిల్లలు ఆధారపడు పాచిని, అడుగుమేతను ఇదియే తినివేయును. ఇది దుష్టజీవి కాదు. తన నదిలో తానుండినచో దానికి ఏ నిందయు లేదు.

మత్స్యావతార కథను మరల తీసి చదివితిని. భాగవతమున సత్యవ్రతుడు కృతమాలానదిలో తర్పణము చేయుచుండగా దోసిలిలో పడిన పిల్లను మరల నదిలోనే విడిచెను. అప్పుడా పిల్ల యేమన్నది? నన్ను నదిలో విడువకుము, ఇందు పెద్ద జలచరములున్నవని వేడుకొన్నది. ఆ పిదపనే కమండలువు, కుండ. అదియు ఆ నీటి చేపయే, అంగడినుండి తెచ్చినది కాదు. కథలో నాకు కావలసిన భాగమును మాత్రము తీసికొని ముందుమాటను విడిచితిని. ఇట్లు చేసిన విద్యార్థికి నేను మార్కులు తగ్గించెడివాడను.

ఇది క్రొత్త పొరపాటును కాదు. దోమలను తినునని గాంబూసియా యను విదేశపు చేపను 1928లో మనదేశమునకు తెచ్చి చెరువులలోను, బావులలోను విడిచిరి. దోమపిల్లలను తినినమాట నిజమే. తోడి చేపల గ్రుడ్లను, పిల్లలను గూడ తినునని తరువాత తెలిసినది. వారును మేలుకోరియే విడిచిరి.

మాయింట అప్పటికి మరియొక చిక్కు తయారుగా నుండెను. పిల్లవాని పట్టుదలచే కొన్న ‘షార్కు’లు రెండు. సొరచేపకును వానికిని ఏ సంబంధమును లేదు. అవి పంగాసియస్ అను మీసాల చేపలు. ఆగ్నేయాసియానుండి వచ్చి మన కృష్ణా, గోదావరి జిల్లాల పెంపకపు చెరువులలో టన్నులకొలది పెరుగుచున్న తినుబండారపు చేప పిల్లలనే అంగడిలో షార్కులని అమ్ముదురు. గుంపుగా తిరుగు స్వభావము గలవి, అదురుపాటు మెండు. తలుపు చప్పుడైనచో అద్దమునకు గుద్దుకొని ముట్టె పగులగొట్టుకొనును. పూర్తిగా పెరిగినచో మూడడుగులు దాటును. మా తొట్టియే మూడడుగులు.

చెరువు మాట ఇక లేదు. పెంపకపు చెరువులున్న పూర్వశిష్యుడొకడు కృష్ణాజిల్లాలో కలడు. ఫోను చేయగా వచ్చి తీసికొనిపోవుదుననెను. అతడు వచ్చినదినమున మనుమడు వేసవి సెలవులకు వచ్చి మాయింటనే యుండెను. చేపలను పెద్ద ప్లాస్టిక్ సంచిలో గాలి నింపి కట్టుచుండగా వాడు నా ప్రక్కకు వచ్చి మెల్లగా, “తాతయ్యా, వాళ్లు వాటిని తింటారా?” యని యడిగెను.

తొలుత బంగారుచేపలు పోయినప్పుడు వానికి ఎనిమిదేండ్లు. అప్పుడు ఏదో కథ చెప్పితిని. ఇప్పుడు పండ్రెండు. “తినవచ్చు నాయనా,” యంటిని. వాడు చాలసేపు మాటలాడలేదు. శిష్యుడు విని, ఈ రెండింటిని వేరుగా ఉంచెదనని చెప్పెను. ఉంచెనో లేదో నేనడుగలేదు. మనుమడు గూడ అడుగలేదు.

నాలుగిండ్లవారి తొట్లలో మిగిలిన సక్కరు చేపలను నేను అడిగి తెచ్చుకొంటిని. ఒకావిడ మాత్రము, “అప్పుడు వదలమన్నారు, ఇప్పుడు వద్దంటున్నారు. ఏది శాస్త్రం మేష్టారూ?” యని నిలదీసినది. అప్పుడు చెప్పినది తప్పమ్మా యని చెప్పి చేప నడిగి తీసికొంటిని. దొడ్డిలో పశువుల కుడితితొట్టి యొకటి ఖాళీగా నుండెను. దానికి సిమెంటు పూయించి, పలుమారులు నీరు నింపి తీసి, సున్నపు ఘాటు పోయిన పిదప వానిని అందు విడిచితిని. పైన వెదురుతడిక. కొంగలు ఎత్తుకొనిపోయి చెరువులో జారవిడుచునేమోనను భయమొకటి, పిల్లులకు చిక్కుననునది యొకటి. ప్రస్తుతము మూడున్నవి. రాత్రికి దోసకాయ చక్రములో, సొరకాయ ముక్కలో దారమునకు కట్టి వేసినచో తెల్లవారునప్పటికి తొక్కయే మిగులును. మా వంటయింటికి సరిపడు చేపలు ఇవియే యని ఇంటావిడ యన్నది. అవి పదియేండ్లకు పైగా బ్రతుకునట. నాకు అరువదియేడు. నా తరువాత వీనిని చూచువారెవరని మా యబ్బాయి నడిగితిని. చూతములే యన్నాడు. ఆ మాట నాకు చాలదని మరల అడుగవలసియున్నది.

పంచలోని తొట్టిలో ఇప్పుడు ఊరి నీటివియే యున్నవి. పరిగెలు ఆరు, జెల్లలు నాలుగు, మార్పు ఒకటి. మార్పు పెద్దదియైనచో దానిని పట్టిన మడుగునకే తిరిగి చేర్చవచ్చును గదా యని మీరడుగవచ్చును. అదియు చేయను. అంగడి చేపలతో ఒకే నీటిలో మెలగినది ఏ రోగమును మోయుచున్నదో పైకి తెలియదు. ఒకసారి గాజుతొట్టిలోనికి వచ్చినది మరల మన చెరువులోనికి పోరాదను నియమము నేను పెట్టుకొంటిని. కొనునప్పుడే ఇది యెంత పెరుగును, ఎన్నేండ్లు బ్రతుకును అని అంగడివాని నడుగుడు. అతడు చెప్పలేనిచో ఆ పిల్లను అక్కడనే విడిచి రండు.

వలవాడు దారినిబోవుచు ఇప్పటికిని మా వాకిట నిలుచును. వలకు నేనిచ్చిన రూకలు మొదట పుచ్చుకొనలేదు, రెండవమారు పుచ్చుకొనెను. గుంటలలో పట్టిన చిన్న పరిగెలను అప్పుడప్పుడు సీసాలో పోసి తెచ్చి మా మనుమనికని ఇచ్చిపోవును. చెరువులో ఆ దినము ఎన్ని దెయ్యపుచేపలు పడినవో లెక్క చెప్పుట మాత్రము మరువడు. నేను క్యాలెండరులో ఆ తేదీమీద అంకె వేసికొందును. పోయిన నెలలో పదునొకటి. మొన్న బుధవారమున వచ్చి, “ఇయ్యాల మూడండీ మేష్టారూ, ఒకటి పిల్ల,” యని చెప్పి పోయెను.